ముందు మీరెల్లండి

“ఆంటీ, వదలండి. కొంచెం వదలండి. ఎవరో వెనకనుంచి కొట్టబోతున్నట్టు ఇలా బిగబట్టుకుంటే నేనేం చెయ్యను?”

విశాఖపట్నంలో నా వీపుకి వైద్యం చేస్తున్న ఫిజియోథెరపీ అమ్మాయి అన్న మాట ఇది. నా కుడి భుజం రెక్క కింద బొటనవేలితో నొక్కుతూ విసుక్కుంది. మామూలుగా అయితే ఎదురు మాట అనకుండా ఊరుకునేదాన్ని కాదు. ఏజెన్సీ కొండల్లో ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన నోరు నాది. ఆ రోజు మాత్రం బల్ల మీద బోర్లా పడుకుని కిక్కురుమనలేదు. ఎందుకంటే దాదాపు ఆ మాటే, అంతే విసుగ్గా, నేనూ ఒక మనిషితో అన్నాను. ఆయన్ని నిజంగానే వెనకనుంచి కొట్టబోయారని అప్పటికి నాకు తెలియదు.

ఆయన పేరు రాయను. ఊరి పేరూ రాయను. ఆ కుటుంబంలో మిగిలిన మనిషి ఇంకా ఆ కొండ మీదే బతుకుతోంది. అరకు లోయకి పైన, రోడ్డు దిగి చాలాసేపు ఎక్కితే వచ్చే ఊరు అనుకోండి, చాలు.

తొంభైల్లో నాకు ఆ వైపు సబ్ సెంటర్‌లో ఉద్యోగం. పార్వతీపురం దగ్గర పుట్టి పెరిగినదాన్ని. కొండ ఎక్కడమంటే మొదట్లో ప్రాణం మీదికొచ్చేది. సంత రోజున ఊళ్ళవాళ్ళు పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్ళు మోసుకుని బారుగా ఒకరి వెనక ఒకరు దిగేవారు. కొండదారి ఇరుకు, పక్కపక్కన నడవడానికి చోటుండదు. నేను ఎదురుపడినా, వెనకనుంచి వచ్చి కలిసినా, ఆ బారులో ఒక మనిషి మాత్రం కావడి భుజం మీద పెట్టుకునే దారి పక్కకి తప్పుకుని నిలబడిపోయేవాడు.

“ఎల్లండి, నర్సమ్మా. ముందు మీరెల్లండి.”

నా తర్వాత ఇంకెవరైనా వస్తుంటే వాళ్ళకీ అదే మాట. ముసలివాళ్ళకీ, చిన్నపిల్లలకీ, ఆఖరికి మేకలకీ దారి ఇచ్చేవాడు. అందరూ వెళ్ళాక ఆఖరున కదిలేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. కింద ఊళ్ళలో మా మగవాళ్ళకి ఇందులో సగం మర్యాద ఉన్నా బాగుండునని, ఇంటికెళ్ళినప్పుడు మా ఆయన దగ్గర ఎత్తిపొడిచాను కూడా.

మంచి పొడగరి. అరకు వైపు కొండ మనుషుల్లో అంత పొడుగు అరుదు. కానీ భుజాలు రెండూ చెవుల దాకా ఎగదన్నుకుని ఉండేవి, మెడ లేనట్టే కనబడేవాడు. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పడు, కాళ్ళతో సహా మనిషి మొత్తం తిరుగుతాడు. సంతలో కూర్చుంటే ఏ గోడకో, ఏ బండకో వీపు ఆనించి కూర్చుంటాడు. ఆ చోటు దొరక్కపోతే సరుకు అమ్మకుండా అలాగే నిలబడతాడు. ఆయన పనసపండ్లు మంచివని అందరికీ తెలుసు. కానీ ఊరివాళ్ళెవరూ ఆయన దగ్గర కొనేవారు కాదు, కింద నుంచి వచ్చిన వర్తకులే కొనేవారు. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

ఒక రోజు వీపు నొప్పి అంటూ సబ్ సెంటర్‌కి వచ్చాడు. బల్ల మీద బోర్లా పడుకోమన్నాను. పడుకోలేదు.

“ఎదర నుంచే సూడమ్మా.”

“ఏటి చోద్యం! నొప్పి వీపులో ఉంటే ఎదర నుంచి నాకేటి తెలుస్తుంది? అటు తిరుగు.”

తిరగలేదు. తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. మందుల బీరువా పక్కన గోడకి ఆనుకుని నిలబడి, “ఇలాగ సూడు” అన్నాడు. చేసేదిలేక గోడకీ ఆయనకీ మధ్య చెయ్యి దూర్చాను. మెడ దగ్గర నుంచి నడుము దాకా వెన్ను పక్కన కండలు తడిసి ఎండిన మోకుల్లా ఉన్నాయి. వేలు దిగదు. నొక్కితే, నొప్పికి అరవాల్సిన మనిషి ఊపిరి బిగబట్టి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“వదులన్నా, ఒళ్ళు వదులు. నిన్నెవరైనా కొట్టేస్తారా ఏటి?”

ఆయన నవ్వాడు. ఆ నవ్వుని నేను అప్పుడు పట్టించుకోలేదు.

మోతలు అడిగాను. పనసపండ్ల కావడి, చింతపండు మూటలు, చోడి మడిలో, అంటే రాగి చేలో, రోజంతా వంగి పని. ఇంకేం, కారణం దొరికింది అనుకున్నాను. బరువు తగ్గించు, కావడి ఒకే భుజాన పెట్టకు, వంగినప్పుడు మోకాళ్ళు వంచు అని చిన్న ఉపన్యాసం ఇచ్చి, నొప్పి మాత్రలు, పూతమందు చేతిలో పెట్టాను. మళ్ళీ వచ్చినప్పుడు తగ్గిందా అనడిగితే ఆయనిచ్చిన జవాబు ఇప్పటికీ తలుచుకుంటాను.

“మా గుంజకి తగ్గిపోనాదమ్మా.”

పెళ్ళాం పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. వీపుకి మందు రాసే దిక్కులేదు. అందుకని ఇంటి గుంజకి పూతమందు రాసి, దానికి వీపు రుద్దుకుంటున్నాడట. నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వాడు, భుజాలు మాత్రం కిందికి దిగకుండానే. ఆ గుంజకి మళ్ళీ మందు కావాలంటూ అప్పుడప్పుడూ వచ్చేవాడు. “మీ గుంజ ఎలాగుంది?” అని నేను అడగడం, “నడుం నిటారుగా ఉన్నాదమ్మా” అని ఆయన అనడం మా ఇద్దరికీ అలవాటైపోయింది.

ఒకసారి వైద్య శిబిరానికి వచ్చిన డాక్టరు చూసి, ఎముకలో లోపమేమీ లేదన్నాడు. కండలు పట్టేశాయి, మోతల వల్ల కావచ్చు, మనసులో బెంగ వల్ల కూడా అలా పట్టేస్తాయి అన్నాడు. “ఏమయ్యా, నీకేమైనా భయాలున్నాయా?” అనడిగాడు. వరండా నిండా ఊరివాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా నవ్వలేదు, మాట్లాడలేదు. ఆయన నేల చూపులు చూస్తూ, “నాకేటి భయం బావూ” అన్నాడు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. ఏదో ఉందని అప్పుడు అనుమానమొచ్చింది.

చెప్పింది ఆయన మరదలే, తమ్ముడి పెళ్ళాం. కడుపుతో ఉండి సూదికోసం వచ్చింది. ఇద్దరమే ఉన్నామని చూసుకుని చెప్పింది.

ఆమె మొదటి కొడుకు జ్వరాల కాలంలో పోయాడు. పోకముందు సాయంత్రం ఆ పిల్లాడు పెదనాన్న చేతి పనసతొన తిన్నాడు. తెల్లారేసరికి జ్వరం, వణుకు, ఆ మీద ఫిట్స్. ఊళ్ళో మంచిచెడ్డలు చూసే దిసారి చాటలో బియ్యం పోసి చూసి, పిల్లాడికి చిల్లంగి పెట్టారని, పెట్టింది బయటివాడు కాదని చెప్పాడు. బయటివాడు కాకపోతే ఇంకెవడు? పనసతొన పెట్టినవాడే. చేతబడి చేసేవాడని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. తమ్ముడు ఆ రోజు నుంచి అన్నతో మాట మానేశాడు.

“ఓ రోజు మా ఆయన గొడ్డలట్టుకుని ఆడి ఎనకాలే ఎల్లినాడమ్మా. ఆడు తిరిగి సూసినాడు. సూసినాడు కావట్టి ఈయన ఆగిపోనాడు. ఇద్దరూ ఏటీ మాటాడుకోనేదట. అలాగే నిలబడి, అలాగే ఇంటికొచ్చీసినారు.”

అప్పటి నుంచి ఆయన వెనక ఎవరినీ నడవనివ్వడు. నేను మర్యాద అనుకున్నది అదీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పిల్లాడి రక్తం స్లైడు తీసి పరీక్షకి పంపింది నేనే. మలేరియా అని, అది మెదడుకెక్కిందని, దోమ కుట్టడం వల్ల వస్తుందని అరిచినంత పని చేశాను. ఆమె నా అరుపుకి బెదరలేదు.

“దోమ అందర్నీ కుట్టింది కదమ్మా. నా గుంటణ్ణే ఎందుకు సంపీసింది?”

ఏ పుస్తకంలోనూ నాకది చెప్పలేదు. పోనీ కొండమీది వాళ్ళ వెర్రి అని కొట్టిపారేద్దామా అంటే, మా కింద ఊళ్ళు ఏం తక్కువ? మా వీధిలో ఒక ముసలామె నడిచొస్తుంటే మా అమ్మ మమ్మల్ని రెక్కపట్టుకుని లోపలికి లాగేసేది. ఆమెవి దిష్టికళ్ళని. ఆ ముసలామె ఎంత నొచ్చుకునేదో మేమెప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆయన మందుకి వస్తే నేనే తలుపు మూసి, గోడ దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టాను. ఊరొదిలి వెళ్ళిపొమ్మన్నాను. కింద ఎక్కడైనా పని దొరుకుతుంది, పార్వతీపురంలో మా అన్నయ్యకి చెప్తానన్నాను.

“ఎల్లిపోతే నిజమే అంటారమ్మా.”

“అననీ. ప్రాణం దక్కుతుంది.”

ఆయన వీపుని గోడకి ఇంకా ఒత్తుకున్నాడు. తర్వాత, “ఉంటే సంపుతారేమో. ఎల్లిపోతే నా తమ్ముడి కొడుకుని నానే సంపినట్టయిపోద్ది. ఆడు నా ఒళ్ళో పెరిగినాడు” అన్నాడు. తమ్ముణ్ణి కూడా తనే పెంచానని ఆ రోజే చెప్పాడు. చిన్నప్పుడే అమ్మా అయ్యా పోతే, తమ్ముణ్ణి వీపున కట్టుకుని చోడి మళ్ళు దున్నాడట. “ఈ ఈపు మీదే పడుకునీవోడు” అని చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకుని బీరువాలో మందు వెతికాను.

వానాకాలం వచ్చింది. నేను ఊళ్ళ రౌండుకి వెళ్ళి ఆ ఊళ్ళోనే ఉన్నాను, పొద్దున్నే మరదలికి నొప్పులు మొదలయ్యాయి. పొట్ట మీద చెయ్యి వేసేసరికే తెలిసిపోయింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. కిందికి దించాలి, డోలీ కట్టాలి. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది కాఫీ తోటల పనికి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. తమ్ముడు కర్రకి దుప్పటి కట్టి పెళ్ళాన్ని అందులో పడుకోబెట్టాడు. ఒక కొస ఎత్తుకున్నాడు. రెండో కొస ఎత్తుకోవడానికి దిక్కులేదు.

ఆయన తన ఇంటి గుంజకి ఆనుకుని చూస్తున్నాడు.

“ఏటి సూస్తన్నావు? బేగి రా!” అని నేనే అరిచాను. నా నోటికి వాళ్ళ యాసే వచ్చేసింది.

వచ్చాడు. వెనక కొస దగ్గర నిలబడబోయాడు. కానీ దారంతా దిగుడే. దిగుడులో పొడగరి ముందుండాలి, లేకపోతే డోలీ కిందికి వాలిపోయి లోపలి మనిషి జారిపోతుంది. అది ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. తమ్ముడికీ తెలుసు. అతని నడుము దగ్గర గొడ్డలి ఉంది. అడవి దారిన నడిచే మగవాడి దగ్గర అది ఎప్పుడూ ఉంటుంది. అన్న ఆ గొడ్డలి వైపు ఒకసారి చూశాడు, దుప్పటిలో మూలుగుతున్న మరదలి వైపు ఒకసారి చూశాడు. ముందుకెళ్ళి కర్ర భుజానికెత్తుకున్నాడు.

నేను ఆఖరున నడిచాను. తమ్ముడి భుజాల మీదుగా అన్న వీపు కనబడుతూనే ఉంది. వానకి చొక్కా అతుక్కుపోయింది. భుజాలు చెవులకి తగులుతున్నాయి. అడుగడుక్కీ ఆ వీపు ముడుచుకుంటోంది. మోసే బరువుకి అలా ముడుచుకోదు, నాకు తెలుసు. మరదలి మూలుగు వింటూ, ఆ వీపు చూస్తూ, దేవుడా ఈ దారి తొందరగా అయిపోవాలని మొక్కుకుంటూ నడిచాను.

దారికడ్డంగా వచ్చే గెడ్డలో వాననీళ్ళు మోకాలు దాటి పారుతున్నాయి. నడిమధ్యలో తమ్ముడి కాలు జారింది.

“అన్నా, నిలు!”

ఆయన నిలిచాడు. బరువంతా తన మీదకి తీసుకుని, తమ్ముడు కాలు కూడదీసుకునేదాకా కొయ్యలా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ కేకలో మాట నేనూ విన్నాను. కొడుకు పోయాక తమ్ముడు అన్నా అని పిలవడం అదే మొదటిసారి. గెడ్డ దాటి గట్టెక్కాక చూద్దును కదా, ఆయన భుజాలు దిగాయి. మెడ కనబడింది. ఆయనకి అంత మెడ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మిగతా దారి ఆ మనిషి మామూలు మనిషిలా నడిచాడు.

రోడ్డు మీద జీపు దొరికింది. ఆసుపత్రిలో తల్లి బతికింది. బిడ్డ చచ్చి పుట్టింది.

వరండాలోకి నేనొస్తుంటే ఆయనే ఎదురొచ్చాడు. “గుంటడా, గుంటా?” అనడిగాడు. మొహం నిండా ఆశ. ఆడపిల్లేనని, బతకలేదని చెప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, వరండా గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. నా కళ్ళ ముందే ఆ భుజాలు మళ్ళీ పైకి లేచాయి.

కాసేపటికి తమ్ముడు బయటికి వచ్చాడు. తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ చేతుల్లో ఉంది. అతని మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. బిడ్డని తమ నేలలోనే పూడ్చాలి, వెలుగుండగానే ఊరు చేరాలి.

“పద అన్నా. నా సేతిలో బిడ్డున్నాది. నువ్వు ముందు నడు.”

ఆయన్ని పక్కకి లాగాను. వెళ్ళొద్దన్నాను. ఈ రాత్రికి ఇక్కడే ఉండు, మరదలికి తోడుండాలని నేను చెప్తాను, రేపు నేనే తీసుకెళ్తాను అన్నాను. బతిమాలాను. తిట్టాను కూడా.

ఆయన నా వంక చూసిన చూపులో భయం లేకపోలేదు. ఉంది.

“అన్నా అన్నాడు కదమ్మా” అన్నాడు. “ఎల్లకపోతే ఎలాగ?”

గొంతు తగ్గించి, “గుంజకి మందు ఎల్లుండి ఒచ్చి అట్టుకెల్తాను” అని కూడా అన్నాడు.

ఆసుపత్రి గేటు దాటి ఇద్దరూ వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయన ముందు, తమ్ముడు వెనక. ముందు నడుస్తున్న మనిషి కొంత దూరం బిగుసుకునే నడిచాడు. మలుపు దగ్గర, కావాలనే చేసినట్టు, భుజాలు దింపుకున్నాడు. చేతులు వదిలేశాడు. ఆయన్ని నేను ఆఖరుసారి చూడడం అదే.

మర్నాడు గెడ్డ ఒడ్డున దొరికాడు. దెబ్బ వెనకనుంచి పడింది, ఒక్కటే. తమ్ముడు ఎక్కడికీ పారిపోలేదు, బిడ్డని పూడ్చి, తానే పోలీసుల దగ్గరికి వచ్చాడు. నన్నూ స్టేషనుకి పిలిచారు. అతన్ని చూడగానే నోటికొచ్చినట్టు తిట్టాలనుకుని వెళ్ళాను. అతను ఎస్సైతో చెప్తున్నది విని గుమ్మంలోనే ఆగిపోయాను.

“గెడ్డ దాటీవరకూ ఏటీ అనుకోనేదు బావూ. బిడ్డ బరువుగా ఉన్నాది. ఎదర ఆడి ఈపు కనబడ్డాది.”

అంతే చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే.

తర్వాత నాకు బదిలీ అయింది. కొన్నేళ్ళకి, రెండువేల సంవత్సరం దాటాక, టీకాల పని మీద మళ్ళీ ఆ కొండ ఎక్కాను. అంతకుముందు వానాకాలంలో ఆ ఊళ్ళో జ్వరాలకి మళ్ళీ పిల్లలు పోయారని కిందే చెప్పారు. చిల్లంగి పెట్టేవాడంటూ ఒకణ్ణి చంపేశారు కదా, మరి ఈ పిల్లలెందుకు పోయారని ఊళ్ళో ఎవరికైనా తోచి ఉంటుందని ఆశపడ్డాను. నా పిచ్చి. ఊరు చిల్లంగికి ఇంకో మనిషిని వెతుక్కుంది.

సంత రోజు. దిగే బారు నాకు ఎదురైంది. అందరూ దాటిపోయారు. గుర్తుంచుకుని పలకరించినవాళ్ళున్నారు, పలకరించనివాళ్ళున్నారు. ఆఖరున, బాగా ఎడంగా, నెత్తి మీద అడ్డాకుల మోపుతో ఒక ఆడమనిషి వస్తోంది. మరదలు. మొగుడు జైల్లో ఉన్నాడు. భుజాలు చెవుల దాకా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. ఎలా ఉన్నావని అడిగాను. వీపు పట్టేసిందమ్మా, మందుందా అంది. సంచిలో ఉన్న పూతమందు తీసి ఇచ్చాను. టీకాల పెట్టె నాతో వచ్చిన మనిషికి అప్పగించి, ఆమెతో కిందికి దిగుదామని వెనక్కి తిరిగాను.

ఆమె దారి పక్కకి తప్పుకుని కొండకి వీపు ఆనించి నిలబడింది.

“ఎల్లండి, నర్సమ్మా. ముందు మీరెల్లండి.”

నేను ముందు నడిచాను. దారి పొడుగునా నా వెనక ఆమె అడుగుల చప్పుడు వింటూ దిగాను. ఆమె వెనక ఎవరూ లేరు. ఎవరూ లేకుండా చూసుకుంటోంది.